గీకని మైనం

"ఇస్త్రీయే కదా, బట్టలకు చేసినట్టే" అని భర్త శశిధర్ ఎప్పుడో అన్న మాట, గరాజ్‌లో పెట్టె వేడెక్కేలోపు ప్రతిసారీ గిరిజకు గుర్తొస్తుంది. బట్టలకు చేసినట్టు ఎలా అవుతుంది? మైనం ముక్కను వేడి పెట్టెకు ఆనించి, మంచు మీద జారే స్కీ పలక అడుగున చుక్కలు చుక్కలుగా కార్చాలి. పెట్టెతో పరుస్తూ పోవాలి, క్షణం ఆగితే అడుగు కాలిపోతుంది. చల్లారాక ప్లాస్టిక్ పలకతో మైనమంతా గీకి, బ్రష్ కొట్టాలి. అప్పుడుగాని జారవు. న్యూజిలాండ్‌లోని ఈ హామిల్టన్‌లో, జూన్‌లో మొదలయ్యే చలికాలంలో గరాజ్ నేల చలి అరికాళ్ల నుంచి మోకాళ్లకు పాకుతుంది. గీకిన పొట్టు జుట్టులోకీ, ఒక్కోసారి చపాతీ పిండిలోకీ వస్తుంది. అప్పుడు "ఏంటే ఈ వాసన" అని ముక్కు మూసుకునేదీ ఆయనే.

ఈ పని తన మెడకు చుట్టుకున్నది కూతురు సిరి పడినప్పుడు. కొండ మీద గట్టి మంచులో పట్టు దొరక్క పిల్ల పడి మోకాలు వాచింది. స్కీల ఇనప అంచులు తుప్పు పట్టి మొద్దుబారాయని షాపులో చెప్పారు. తండ్రీ కూతుళ్లు ఆదివారం సాయంత్రం వచ్చి, తడి స్కీలను సంచీలోనే వదిలేసి వేణ్ణీళ్ల స్నానాలకు పోతే తుప్పు పట్టక ఏమవుతుంది? కానీ షాపు నుంచి వస్తూ కారులో శశిధర్ "ఇంట్లోనే ఉంటావుగా, కాస్త తుడిచి పెట్టడానికి నీకేం?" అన్నాడు. పదో తరగతితో ఆగిపోయిన గిరిజ, పిల్ల మోకాలు తన వల్లే వాచిందని నమ్మేసింది. వీడియోలు చూసి నేర్చుకుంది. బాగా చేస్తే పిల్ల మరీ వేగంగా పోతుందేమో, సరిగ్గా చేయకపోతే మళ్లీ పడుతుందేమో, రెండూ భయాలే. శనివారాలు ఫోన్ కొంగున కట్టుకున్నట్టే తిరిగేది. రోడ్డు మీద కనబడని మంచు ఉంటుందట. అసలు ఆ కొండే అగ్నిపర్వతం, కడుపులో నిప్పు పెట్టుకున్న కొండ.

నేనూ వస్తానని గిరిజ అంటే "నీ మొహం చూస్తే చాలు, పిల్ల జారకముందే పడిపోతుంది" అన్నాడు. అత్తగారు వీడియో కాల్లో "వాళ్లు ఆడుకోడానికి పోతారు, నీకెందుకే ఆ చలిలో" అంది. ఓ బార్బెక్యూలో "మా స్కీలు నేనే చూసుకుంటా, షాపుకి ఇవ్వను" అని శశిధర్ చెబుతుంటే పక్కనే ప్లేట్లు అందిస్తూ విన్నది. తన చేతి పని అంతా ఏ మంచు మీద నడుస్తోందో ఆ మంచును ఆమె ఒక్కసారీ తొక్కలేదు.

చలికాలం చివర, సెప్టెంబర్‌లో స్కూల్ స్కీ రేస్ వచ్చింది. "అమ్మా, అందరి మమ్స్ వస్తారు. నువ్వు నెవర్ కేమ్" అంది సిరి. శశిధర్ సరేనన్నాడు. గిరిజ చేతి తొడుగులు కొనుక్కుంది. రేస్ ముందురోజు మధ్యాహ్నం ఆఫీసు నుంచి శశిధర్ ఫోన్ చేశాడు.

"రేపు మా ఆఫీసు మధుసూదన్ కూడా వస్తున్నాడు. వాడి స్కీలు పొద్దున గరాజ్‌లో పెట్టాను, చూశావా?"

"చూశాను. మరి నేను?"

"వెనక సీటు సగం మడిస్తేగాని మా స్కీలు పట్టవు గిరిజా. నువ్వొచ్చి మాత్రం ఏం చేస్తావు, వణుకుతూ నిలబడతావు. సిరికి నేను చెప్తాలే. ఆ, వాడివి కూడా ఒక చెయ్యి వేసెయ్."

గిరిజ ముందు సిరి స్కీలు పూర్తి చేసింది. అంచు మీద గోరు ఆనించి పదును చూసింది, నున్నగా గీకింది, బ్రష్ కొట్టింది. తర్వాత మగవాళ్లిద్దరివీ బల్ల మీదకెక్కించి, చుక్కలుగా కాకుండా ధారగా మైనం పోసింది. అంచులు కూడా కప్పేసింది. ఏటా అక్టోబర్‌లో సీజన్ ముగిసి స్కీలను దాచేటప్పుడు ఆమె చేసేది ఇదే. మళ్లీ చలికాలం వచ్చేదాకా ఆ మైనం గీకరు. పెట్టె ప్లగ్ పీకి, రెండు జతలూ తాడుతో కట్టి గోడకు నిలబెట్టింది.

సాయంత్రం ఇద్దరూ వచ్చారు.

"ఇదేంటి చెల్లెమ్మా, నా వాటికి కొవ్వొత్తి స్నానం చేయించావా?" అని నవ్వాడు మధుసూదన్.

"దాచేశానన్నయ్యా. మీవీ, ఈయనవీ. వాటికి ఈ ఏటికి సీజన్ అయిపోయింది."

శశిధర్ మొహం మాడింది. "రేపు రేస్ పెట్టుకుని ఇదేం పిచ్చి పని? గీకెయ్ ఇప్పుడే."

"రేస్ సిరిదండీ. దాని స్కీలు చిన్నవి, సీటు మడవకుండానే ఏటవాలుగా పట్టాయి. నిన్న రాత్రే పెట్టి చూశాను." ప్లాస్టిక్ పలక తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇవి మీరు గీకినా, కారులో చోటు లేదు. వెనక సీట్లో నేను కూర్చుంటున్నాను."

వంటింటి గుమ్మంలోంచి సిరి, "అమ్మా, ఆర్ యూ రియల్లీ కమింగ్?" అంది.

గిరిజకు భయం పోలేదు. రోడ్డు మీది మంచూ, ఆ కొండా, పిల్ల మోకాలూ అన్నీ కళ్ల ముందు తిరుగుతూనే ఉన్నాయి. చేతులకంటిన మైనం కొంగుకు తుడుచుకుని, శశిధర్ వైపే చూస్తూ అంది.

"వస్తున్నానమ్మా. నా మొహం చూసి పడతావో నిలబడతావో, రేపు అక్కడే చూద్దాం."