బండి ఎడమకి లాగుతోంది

ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషికి స్టీరింగు గురించి ఇంకొకరు చెప్తే ఒళ్ళు మండుతుంది. పెద్దాయనకి మరీ మండుతుంది. అందుకే కారు నేర్చుకోవడం మొదలుపెట్టిన రోజున చెల్లెలు, "అన్నయ్యా, బండి ఎడమకి లాగుతోంది," అంటే, "లాగేది బండి కాదే చిట్టీ, నీ బుర్ర," అని నోరు మూయించాడు.

చిట్టి అంటే చిన్నపిల్లేం కాదు. పెద్దాయనకి కడగొట్టు చెల్లెలు, నలభై అయిదు దాటింది. రక్తపరీక్షల ల్యాబులో పదేళ్ళుగా పొద్దస్తమానం నిలబడి సీసాలు కడిగి, మోకాళ్ళు అరగదీసుకుంది. ఇప్పుడు ల్యాబు వ్యాను నడిపే పని ఖాళీ అయింది. లైసెన్సు తెచ్చుకుంటే నీకే ఇస్తామన్నారు. కూర్చుని చేసే పని అంటే ఆమెకి ఎంత ఆశో వేరే చెప్పాలా? ఇంట్లోనే ఇంత గొప్ప డ్రైవరుండగా బయట నేర్చుకోవడమెందుకని అన్నగారి దగ్గర చేరింది. ఆమె చేసిన తప్పు అదొక్కటే.

గోడౌన్ల వెనక ఖాళీ రోడ్డు మీద ఆరు వారాలు నేర్పాడు. నేర్పాడనడం కంటే తిట్టాడనడం న్యాయం. కారు ప్రతిసారీ ఎడమవైపు గోడకేసి పోయేది. ఆమె కంగారుపడి తిప్పితే కుడికి ఊగేది. అప్పుడాయన ఆమెని దింపి, అదే కారుని గీత గీసినట్టు నడిపి చూపించేవాడు. ఇక చిట్టి ఏమంటుంది? తప్పు తన చేతులదే అనుకుంది.

పోనీ ఇంటికొచ్చాకైనా ఊరుకున్నాడా? భార్య ముందు చేతులు చాచి, కళ్ళు తేలేసి, చిట్టిలా స్టీరింగు తిప్పి చూపించేవాడు. "ఇవాళ కూడా గోడ ఎక్కించబోయింది!" అనేవాడు. భార్య పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. చిట్టీ నవ్వేది గానీ, ఆ నవ్వు పెదాలు దాటేది కాదు.

పరీక్ష రెండు రోజులుందనగా పెద్దాయన టైరు మార్పించడానికి మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు. మెకానిక్ పాత టైరు లోపలి అంచు తడిమి చూసి, కారుని జాకీ మీద లేపి, ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. టకటకమంది.

"గురువుగారూ, బాల్ జాయింట్ పూర్తిగా అరిగిపోయింది. బుష్షుల్లో రబ్బరే మిగల్లేదు. చక్రాన్ని పట్టి ఉంచేదే లేదిక్కడ. ఎడమకి లాగట్లేదా?"

"నాకేం లాగట్లేదే!"

మెకానిక్ వాదించలేదు. తన కారు తాళం చేతిలో పెట్టి, "ఓ చుట్టు తిరిగి రండి," అన్నాడు. 

పెద్దాయన తిన్నగానే పోనిచ్చాననుకున్నాడు. కారు కుడికి పోయింది. సర్దుకున్నాడు, మళ్ళీ కుడికే. అప్పుడు చూసుకున్నాడు తన చేతుల్ని. స్టీరింగుని అవి కాస్త కుడికి తిప్పి పట్టుకుని ఉన్నాయి. ఏళ్ళ తరబడి బండి కొంచెం కొంచెంగా చెడుతుంటే చేతులు కొంచెం కొంచెంగా సర్దుకుంటూ వచ్చాయి. ఆయనకే తెలియలేదు. తల తీసేసినట్టయింది.

అరిగినవన్నీ ఆ రోజే మార్పించి, చక్రాలు సరిచేయించాడు. మరి చెల్లెలికి నిజం చెప్పాడా? లేదు, ముఖం చెల్లలేదు. మర్నాడు పొద్దున, "ఆఖరిసారి ఓ చుట్టు వేద్దాం రా," అని మాత్రం పిలిచాడు.

కారు గోడ పక్కనుంచి తిన్నగా పోయింది. రోడ్డు చివర చిట్టి బండి ఆపింది. కళ్ళల్లో నీళ్ళు. "నీ తిట్లు ఊరికే పోలేదన్నయ్యా! నువ్వంత గట్టిగా పట్టుబట్టావు కాబట్టే వచ్చింది."

"ఊఁ," అన్నాడు పెద్దాయన. నిజంగానే అన్నాడు. సిగ్గుతో కిటికీలోంచి బయటికి చూశాడు.

"కానీ రేపు పరీక్షకి వెళ్ళను," అంది చిట్టి. "పక్కన నువ్వుండవుగా, ఆ ఆఫీసరు కూర్చుంటాడు. నీ భయం లేకపోతే ఈ చేతులు మళ్ళీ గోడకేసే పోతాయి. వ్యాను పని వద్దని చెప్పేస్తాను."

పెద్దాయన కిటికీలోంచి తల తిప్పాడు. ఇంకా నిజం దాస్తే చెల్లెలి పని పోతుంది.

"చిట్టీ, పాడైంది బండి. నిన్నే బాగుచేయించాను. ఆరు వారాలూ ఎడమకి లాగింది బండే. నీ చేతుల్లో ఏ లోపమూ లేదు."

చిట్టి స్టీరింగు మీంచి చేతులు తీసేసింది.

"మొదటి రోజే చెప్పానుగా అన్నయ్యా."

"చెప్పావు."

"మరి ఇందాక 'ఊఁ' అన్నావేం?"

చిట్టి బండి తిప్పి ఇంటికి పోనిచ్చింది.

వాకిట్లోనే భార్య నవ్వుతూ ఎదురొచ్చింది. "ఏమ్మా, ఇవాళ కూడా గోడ ఎక్కించబోయావా?"

అది ఆయన నేర్పిన మాటే. చిట్టి దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి అన్నగారి వైపు చూసింది.

పెద్దాయన దిగాడు. "నవ్వకే," అన్నాడు భార్యతో. "గోడకేసి పోయింది నా బండి. చిట్టి మొదటి రోజే కనిపెట్టింది. నేనే దాని నోరు మూయించి, నీ ముందు నవ్వులపాలు చేశాను." భార్య నవ్వు ఆగిపోయింది.

చిట్టి అప్పుడు దిగి, తాళం తన చేతిసంచిలో వేసుకుంది.

"రేపు తొమ్మిదింటికి పరీక్ష. తోడు రా అన్నయ్యా. కానీ దారిలో నోరు తెరవకూడదు."

"తెరవను," అన్నాడు పెద్దాయన.