పిడికిలి మునగని పరుపు

నిద్ర పట్టక ఏడ్చేవాళ్ళని చాలామందిని చూశాను. నిద్ర వస్తుందేమోనని వణికిపోయే మనిషిని మాత్రం మా అమ్మాయిలోనే చూశాను.

కాన్పు ఆపరేషన్‌తో అయింది. ఆడపిల్ల. ఆసుపత్రిలో పాలిస్తూ పాలిస్తూ అమ్మాయి కునుకు తీసింది. పసిదాని ముఖం తల్లి చంకకీ దిండుకీ మధ్య ఇరుక్కుంది. అటుగా వచ్చిన నర్సు చూసి, బిడ్డని లాగి, వార్డు దద్దరిల్లేలా కేకలేసింది. బిడ్డకేం కాలేదు. కానీ ఆ పూట నుంచి మా అమ్మాయి కళ్ళు మూయడం మానేసింది. తల వాలితే చాలు, ఎవరో చెంప మీద కొట్టినట్టు లేచి కూర్చుని, బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటుంది. కళ్ళ కింద నల్లబడిపోయింది. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోతోంది.

పసిదానికి విడిగా పడక ఉండాలంది నర్సు. తల్లి మంచానికి ఆనించి పెట్టే తొట్టి మంచం, ఒక పక్క కమ్మీలు లేనిది కొనమంది. కుట్లు పడ్డ మనిషి లేవకుండానే చెయ్యి చాచి బిడ్డని అందుకోవచ్చట. ఇవన్నీ మా అల్లుడితో చెప్పింది. నేనప్పుడు కింద మందుల షాపు దగ్గర వరసలో నిలబడి ఉన్నాను. నా బతుకులో ముఖ్యమైన మాటలన్నీ నేను ఏదో ఒక వరసలో నిలబడి ఉన్నప్పుడే జరిగిపోతాయి.

తొట్టి కొనడానికి అల్లుడూ నేనూ వెళ్ళాం. అతను బట్టలుతికే ఫ్యాక్టరీలో మెషీన్ మీద పని చేస్తాడు. మంచివాడే, కానీ మాట నోట్లోంచి రావాలంటే మనం గొంతులో చెయ్యి పెట్టి తీసుకోవాలి. షాపు ముందు ఆగి ఒక కూల్‌డ్రింక్ టిన్ను కొన్నాడు. దాహమేమో అనుకున్నాను. మూత తియ్యకుండా చేత్తో పట్టుకుని లోపలికి నడిచాడు.

లోపల ఎటు చూసినా తొట్లే. సినిమా హీరోయిన్ల మేడలాగా లేసులు, గంటలు, పైన గిరగిరా తిరిగే ఏనుగులు. పుట్టి కళ్ళయినా సరిగ్గా తెరవని దానికి ఏనుగులెందుకో అమ్మేవాళ్ళకే తెలియాలి. సేల్స్ కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. పూల గుత్తిలా ఉన్న ఒక తొట్టి చూపించాడు.

"ఇది తీసుకోండి సార్. చుట్టూ దిండ్లు దీంతోపాటే వస్తాయి. పాప మేఘం మీద పడుకున్నట్టే."

"మేఘం మీంచి వానే కదరా పడేది" అన్నాను.

అల్లుడు ముందుకొచ్చాడు. వంగి ఆ టిన్నుని రెండు కమ్మీల మధ్యకి తోశాడు. అది అటు దూరి, కింద పడి, దొర్లుకుంటూ కౌంటర్ కిందకి పోయింది. షాపంతా మావైపే చూసింది.

"ఏంటి సార్ అది?" అన్నాడు కుర్రాడు బెదిరిపోయి.

"టిన్ను దూరితే పాప ఒళ్ళు కూడా దూరుతుంది. తల మాత్రం ఇరుక్కుంటుంది. ఇది వద్దు" అన్నాడు మా అల్లుడు. పెళ్ళయ్యాక అతని నోట అంత పొడుగు మాట నేను వినడం అదే మొదలు.

ఇక ఊరుకుంటాడా? ఆ టిన్ను వెతికి తెచ్చి ప్రతి తొట్టికీ పెట్టి చూశాడు, రెండు చేతులతో పట్టుకుని ఊపాడు, కీళ్ళు కిర్రుమంటే వదిలేశాడు. నాకు తల కొట్టేసినట్టుంది. చివరికి ఒక మూలన దుమ్ము పట్టి ఉన్న దాని దగ్గర ఆగాడు. రంగు లేదు, లేసు లేదు. కమ్మీలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఒక పక్క గోడ కిందకి దిగుతుంది. కాళ్ళకి మరలున్నాయి, ఎత్తు మార్చుకోవచ్చు. ఎంత ఊపినా కదల్లేదు.

"మావయ్యా, ఇది" అన్నాడు.

"జైలు గదిలా ఉందయ్యా."

"గట్టిగా ఉంది మావయ్యా" అన్నాడు. అతని మాటల కోటా అక్కడితో అయిపోయింది.

ఇంటికి తెచ్చి బిగించాం. నా మంచాన్నే అమ్మాయికిచ్చాం కాబట్టి దాని పక్కనే పెట్టాం. అల్లుడు వెంటనే డ్యూటీకి వెళ్ళిపోయాడు. అట్టపెట్టె అడుగున రెండు బెల్టులు మిగిలాయి. ఎక్కువొచ్చాయనుకుని బీరువా మీద పడేశాను. అప్పుడు పరుపు బయటికి తీశాను. తీసి అలాగే నిలబడిపోయాను.

నేను బస్సుల సీట్లు కుడతాను. చదువు అబ్బలేదని మా నాన్న చిన్నప్పుడే సూది చేతికిచ్చాడు. అప్పటినుంచీ ఊళ్ళోవాళ్ళ పిర్రలకి సుఖం కలిగించడమే నా ఉద్యోగం. ఎవడూ సీటు దిగి బాగుందయ్యా అన్న పాపాన పోలేదు, రెక్సిన్ మీద బ్లేడుతో పేర్లు చెక్కుకోవడం తప్ప. అయినా నా సీటుకి ఒక లెక్కుంది. పిడికిలి బిగించి నొక్కితే మణికట్టు దాకా మునగాలి, తీస్తే మళ్ళీ పైకి రావాలి. అదీ సీటంటే. ఈ తొట్టి పరుపుని నొక్కితే నా పిడికిలి బల్ల మీద పెట్టినట్టు పైనే నిలబడింది.

"ఏమే, ఇటు రా. నీ మనవరాలిని దీని మీద పడుకోబెడతారట" అని మా ఆవిడని పిలిచాను.

ఆవిడ వేలితో పొడిచి చూసింది. "అప్పడాల పీట నయం" అంది.

ఊరందరికీ మెత్తటి సీటు కుట్టినవాడి మనవరాలు చెక్క మీద పడుకోవడమా? ఆ పరుపు చంకన పెట్టుకుని షెడ్డుకి పోయాను. ఆరోజు ఒక బస్సు వెనక పొడుగు సీటు చేస్తున్నాను. దాని అడుగు చెక్క మధ్యలో కుంగిపోయింది. ఆ గట్టి పరుపు అక్కడికి కొలత పెట్టి కోసినట్టు సరిపోయింది. పాలిథిన్ కవర్‌తో సహా చెక్క మీద పరిచి, పైన ఫోమ్ వేసి, రెక్సిన్ లాగి పిన్నులు కొట్టేశాను. పీడా వదిలింది.

తర్వాత నా మనవరాలి పరుపు మొదలుపెట్టాను. ముందు సీట్లకి వాడే ఖరీదైన ఫోమ్, రెండు పొరలు. అంచులకి పైపింగ్. తొట్టి చుట్టూ కమ్మీలు తగలకుండా నాలుగు మెత్తలు. మంచానికీ తొట్టికీ మధ్య సందు ఉంటుంది కదా, దాన్ని పూడ్చడానికి పొడుగాటి దిండొకటి. నా చేత్తో అంత శ్రద్ధగా ఇంకేదీ కుట్టలేదు. మా షెడ్డులో అంచులు కుట్టేవాణ్ణి అందరం పైపింగనే పిలుస్తాం. వాడు చూసి, "అన్నా, నన్నూ దీన్లో పడుకోబెట్టి జోకొట్టవా?" అన్నాడు.

మర్నాడు అమ్మాయిని ఇంటికి తెచ్చారు. గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ గదిలోకి వచ్చి, తొట్టి చూసి ఆగింది. నేను పక్కన నిలబడ్డాను. మెప్పు కోసం నిలబడలేదని అంటే అబద్ధమవుతుంది.

అమ్మాయి పరుపు మీద అరచెయ్యి పెట్టింది. చెయ్యి మునిగింది. ఆమె ముఖం పాలిపోయింది.

"నాన్నా, దీనితో వచ్చిన పరుపేది?"

"అదెందుకమ్మా, అట్ట ముక్క. ఇది నేనే కుట్టాను."

"దీని మీద దాన్ని పడుకోబెట్టను."

"నొక్కి చూడు తల్లీ, వెన్నలా..."

"మెత్తగా ఉండకూడదు నాన్నా! దిండు ఉండకూడదు, చుట్టూ ఏమీ ఉండకూడదు. నర్సు అంత గట్టిగా చెప్పింది. ఆయన నీతో చెప్పలేదా?"

"మీ ఆయన టిన్నుతో తప్ప ఎవరితో మాట్లాడాడు?"

ఆమె నవ్వలేదు. నాకు కోపం ముంచుకొచ్చింది. "నిన్ను నేనెలా పడుకోబెట్టాననుకున్నావ్? దూదిలోనే పెంచాను. చచ్చిపోయావా?" అనేశాను. పసిపిల్ల ఉన్న ఇంట్లో అనకూడని మాట. మా ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, "మీ నోరు పడిపోను, బయటికి నడవండి!" అంది.

అమ్మాయి బిడ్డని ఎత్తుకుని ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుంది. వీపు ఆనిస్తే నిద్ర వస్తుందని వీపు కూడా ఆనించలేదు. "నేను మేలుకునే ఉంటాలే నాన్నా" అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు. కోపానికైనా కాస్త ఓపిక కావాలి.

చెప్పులేసుకుని షెడ్డుకి పోయాను.

భోజనాల వేళ మా షెడ్డు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ కాసేపూ అయిపోయిన సీటు మీద నడుం వాల్చడం నాకు అలవాటు. ఈ పనిలో నాకు దక్కిన సుఖం అదొక్కటే. ఆ రోజు నడుం పట్టేసి వెల్లకిలా పడుకోలేకపోయాను. బోర్లా పడుకున్నాను. పరుపుకి వాడిన ఫోమే ఆ సీటుకీ వేశాను. ముఖం మెల్లగా దిగబడింది. చెంపలకి ఇటూ అటూ ఫోమ్ లేచి ముక్కుని కప్పేసింది. నేను వదిలిన గాలే వేడిగా మళ్ళీ నాకు తగిలింది. ఒకటి రెండు సార్లు అదే గాలి పీల్చాను. ఉక్కిరిబిక్కిరయ్యి తల పక్కకి తిప్పేసుకున్నాను.

తిప్పుకున్నాక లేచి కూర్చున్నాను. నాకు మెడ ఉంది, తిప్పాను. మరి దానికి? ఎత్తుకుంటే తల కింద చెయ్యి పెట్టాలి, లేకపోతే వేలాడిపోతుంది. అది పక్కకి దొర్లి ఆ మెత్తల్లో ముఖం పెడితే ఏడవడానికి కూడా గాలి ఉండదు. కుర్చీలో నిటారుగా కూర్చున్న మా అమ్మాయి కళ్ళ ముందు మెదిలింది. నేను అంత ప్రేమగా కుట్టింది ఆసుపత్రిలో పసిది ఇరుక్కున్న ఆ సందునే.

కటింగ్ ప్లేయర్ తీసుకుని పొడుగు సీటు పిన్నులు పీకడం మొదలుపెట్టాను. పైపింగ్ టీ గ్లాసుతో వచ్చి నోరు తెరిచాడు.

"అన్నా, బాగా చేసినదాన్ని విప్పుతావేంటి? ఎండ దెబ్బ తగిలిందా?"

"అడుగున నా మనవరాలి పరుపుంది."

"ఆ చెక్కముక్కా? పసిదాని మీద ఏం పగన్నా నీకు?"

"నోరు మూసుకుని ఆ పక్క పట్టుకో."

ఓనరు చప్పుడు విని బయటికొచ్చాడు. "ఏమయ్యా, సాయంత్రం బస్సు రోడ్డెక్కాలి! వెనక సీటు లేకుండా పంపమంటావా?"

"వెనక సీటువాళ్ళకి ఎగిరిపడటం అలవాటే లెండి. వచ్చి కుడతాను" అన్నాను. ఆయన ఇంకా ఏదో తిడుతూనే ఉన్నాడు. పరుపుకి జిగురు పెట్టకపోవడం నా అదృష్టం. కవరు కూడా చిరగలేదు. చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాను.

అమ్మాయి కుర్చీలో అలాగే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ చూపు లేదు. మెత్తలు పీకాను, పొడుగు దిండు తీశాను, నా పరుపు లేపి గోడకి విసిరాను. గట్టి పరుపు వేసి, చుట్టూ వేలు పెట్టి చూశాను. ఎక్కడా దూరలేదు. పైన ఒక్క దుప్పటి, ముడత లేకుండా లాగి కట్టాను. అప్పుడు బీరువా మీది బెల్టులు గుర్తొచ్చాయి. వాటిని తొట్టి అడుగునుంచి తిప్పి మంచం చట్రానికి వేసి బిగించాను. సందు మాయమైంది. నేను దిండుతో పూడ్చాలనుకున్న సందు, కట్టేస్తే అసలు లేనే లేదు. కాళ్ళ మరలు తిప్పి రెండు పరుపులూ ఒక మట్టానికి తెచ్చాను.

"చూడమ్మా" అన్నాను.

అమ్మాయి లేచొచ్చింది. పిడికిలి పెట్టి నొక్కింది. మునగలేదు. తొట్టిని పట్టుకుని ఊపింది. తొట్టితో పాటు మంచం కూడా కదిలింది. అప్పుడు వంగి, మూలుగు పళ్ళ మధ్య నొక్కిపెట్టి, బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టింది. ఆ చెక్కలాంటి దాని మీద మా మనవరాలు కాళ్ళు రెండూ చాపి, చేతులు పైకి పెట్టి, తన పేర పొలం రాసిచ్చినట్టు పడుకుంది.

"నాన్నా, కాసేపు చూస్తుంటావా?"

"చూస్తుంటాను. పడుకో."

తల దిండుకి తగిలిందో లేదో నిద్రపోయింది. నోరు తెరిచి, ఒక చెయ్యి తొట్టి అంచు మీద వేసి, గురక కూడా పెట్టింది. మా ఆవిడ గుమ్మంలోంచి తొంగి చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చి టీ గ్లాసు నా పక్కన పెట్టింది. తిట్లేమీ తేలేదు.

కుర్చీ కిర్రుమంటుందని గోడవారన పడున్న నా పరుపుని నేల మీద వేసుకుని కూర్చున్నాను. అంచుల చుట్టూ ఎక్కడా ఒక్క కుట్టు వంకర పోలేదు. నడుముకి హాయిగా ఉంది. ఇది నా ఒంటికే రాసిపెట్టి ఉంది కాబోలు.

జేబులో ఫోను మోగింది. ఓనరు. బస్సు గురించే. అమ్మాయి కనురెప్ప కదిలింది. ఆ ఫోను నోరు నొక్కడం నాకెప్పుడూ సరిగ్గా రాదు. గబగబా తీసి, పరుపు కిందకి తోసి, దాని మీద బరువంతా వేసి కూర్చున్నాను.

అడుగున అది ఇంకా మోగుతూనే ఉండాలి. చెవి ఒగ్గి విన్నాను. రవ్వంత చప్పుడు కూడా పైకి రాలేదు. పసిదాని ఏడుపైనా ఇందులో ఇలాగే అణిగిపోయేది. కుర్చీ కిర్రుమంటే కిర్రుమననీ అని లేచి, దాన్ని తొట్టికి దగ్గరగా జరుపుకుని కూర్చున్నాను.