ఆకు పరచని గుంత

హన్మయ్య విత్తన పసుపును కుళ్ళబెట్టింది తెగులు కాదు, మనుషులు. ఊళ్ళో ఎవరిని అడిగినా వేరే మాట చెబుతారు. ఆ మాట వినాల్సిన పని లేదు.

ఆ ఊరు ఆర్మూరుకు మూడు మైళ్ళు, నందిపేట్ దారిలో ఉంటుంది. పండిన పసుపంతా ఆర్మూరు అంగడికే పోతుంది. విత్తనానికి ఉంచుకున్న దుంపలు మాత్రం ఇల్లు దాటవు. తవ్విన దుంపల్లో మంచివి ఏరి, పెరట్లో గుంత తీసి అందులో పోస్తారు. పైన మట్టీ పేడా మెత్తి, వానలు పడేదాకా మూడు నెలలు కదిలించరు. గుంత కుళ్ళిందా, ఆ ఏడు పంటతో పాటు ఇంటి రకమే పోతుంది. మళ్ళీ దొరకదు.

హన్మయ్య ఇంటి రకం అతని భార్య ముత్తవ్వది. ముప్కాల్ నుంచి కాపురానికి వచ్చిన నాడు గంపలో పెట్టుకుని తెచ్చింది. ఇరవై రెండేళ్ళు ఏటేటా తనే ఏరింది. దుంప విరిచి వాసన చూసేది. నచ్చకపోతే అంగడికి ఉడకబెట్టే కుప్పలోకి విసిరేసేది. గుంత అడుగున వావిలాకు, దుంపల నడుమ కానుగాకు, పైన పిడికెడు బూడిద. ఊరంతా దుంపలు కుళ్ళిన ఏడు కూడా ఆమె గుంతలో చెడినవి దోసిట్లో పట్టేవి. ఆ ఊళ్ళో గుంతలో ఆకు పరిచేది ఇంటి ఇల్లాలే. మూత విప్పేదీ ఆమే. మగవాడు మట్టి తవ్వుతాడు, గంపలు మోస్తాడు, అంతే.

అరవై రెండులో సాలోమోను వచ్చాడు. పసుపు తెగుళ్ళ మీద పనిచేసే సర్కారు ఉద్యోగి, గుంటూరు వైపు మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. అప్పుడే దుంపకుళ్ళుకు డబ్బాల మందు వచ్చింది. కొనగలిగినవాడి విత్తనం మిగిలేది, కొనలేనివాడిది పోయేది. చెట్టు మీద దొరికే ఆకుతో అదే పని అవుతుందేమో చూడాలని అతని పట్టుదల. హైదరాబాదు ప్రయోగశాల వాళ్ళు తోడు. కానీ ఏ ఆకు, ఎంత, ఎప్పుడు అన్నది ఊళ్ళో ఆడవాళ్ళు చెప్పాలి. మూడు రోజులు ముత్తవ్వ అరుగు మీద కూర్చుని ఆమె చెప్పిందల్లా రాసుకున్నాడు.

"గింత సదివి నన్నడుగుతున్నవు, మీ అవ్వ ఏం చెప్పలేదా సారూ?" అంది ముత్తవ్వ.

"మా అమ్మ నాకు అన్నం తినడం ఒక్కటే నేర్పిందండీ," అన్నాడు అతను.

మరుసటి ఏడు అయిదు ఇళ్ళలో పరీక్ష పెడతామని, నిలిస్తే ఊరూరా చెబుతామని చెప్పి పోయాడు. అందరికంటే ముందు సరేనన్నది ముత్తవ్వే.

ఆ మరుసటి ఏడు ఫాల్గుణంలో ఆమె నాలుగు రోజులు కూర్చుని విత్తనం ఏరింది. అయిదో రోజు జ్వరం తగిలింది. తొమ్మిదో రోజు నిజామాబాదు దవాఖానాలో పోయింది. ఏరిన కుప్ప సాయబాను చూరు కింద అలాగే ఉంది.

ఆమె పోయిన ఆరో రోజు సాలోమోను జీపు వచ్చింది. మైలలో ఉన్న హన్మయ్య గడప దాటలేదు. ఊరి పెద్ద భూమయ్య ఇంటి ముందు అందరూ కూడారు. అయిదిళ్ళ విత్తనం కలిపి సమంగా పంచుదామని సాలోమోను అడిగాడట. ఒక ఇంటి విత్తనం ఇంకో ఇంటి గుంతలో పడదని ఊరు ఒప్పుకోలేదు. చివరికి ఎవరి దుంపలు వారి గుంతలోనే అనుకున్నారు. హన్మయ్యకు తెలిసింది ఇంతవరకే.

ముత్తవ్వ చెల్లెలు కమలవ్వది అదే ఊళ్ళో కాపురం. మీ అక్క చేసినట్టే చేసి గుంత మూయించమని హన్మయ్య ఆమెకు చెప్పాడు. ఆమె తల ఊపింది. సాయంత్రానికి గుంత మీద పేడ మెత్తి ఉంది.

వైశాఖంలో రెండుసార్లు పెరట్లో పాడు వాసన వచ్చింది. హన్మయ్య గుంత దగ్గరదాకా వెళ్ళి నిలబడ్డాడు. విప్పడానికి చెయ్యి రాలేదు. ఆకు మగ్గిన వాసనేమో అనుకుని వెనక్కి వచ్చాడు.

మృగశిర కార్తెకు జీపు మళ్ళీ వచ్చింది. నాలుగిళ్ళలో గుంతలు విప్పి, దుంపలు లెక్కబెట్టి, చివరికి హన్మయ్య పెరట్లోకి వచ్చారు. కమలవ్వ గోడ దగ్గరే ఆగిపోయింది. కట్టుబాటు తెలియని సాలోమోనే గడ్డపారతో పెచ్చు లేపాడు. వాసనకు జనం ముక్కులు మూసుకున్నారు. హన్మయ్య వంగి చెయ్యి పెట్టాడు. మణికట్టుదాకా దిగిపోయింది. నల్లటి ముద్ద, నీళ్ళు. గట్టి దుంప ఒక్కటి తగల్లేదు.

ఇంకోటి కూడా తగల్లేదు. ఆకు ఎంత ఎండినా ఈనె ఉంటుంది, కాడ ఉంటుంది. ఏమీ లేదు.

సాలోమోను పుస్తకంలో రాసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, గొంతులో సంతోషం దాచుకోకుండానే చెప్పాడు: "ముత్తవ్వగారి మాట నిలిచిందండీ. ఆకు వేసిన మూడు గుంతల్లోనూ నూటికి అయిదు కూడా పోలేదు. డబ్బా మందు వేసిన గుంతా అంతే. ఆకు లేనిది పూర్తిగా పోయింది. ఇక హైదరాబాదులో ఎవరూ కాదనలేరు."

హన్మయ్యకు ఆ మాటలు ఒకదానికొకటి అతకలేదు. నల్లటి చెయ్యి అలాగే ముందుకు చాపి ఉంది.

"ఆకు లేని గుంత ఏంది?" అన్నాడు.

అప్పుడు సాలోమోను అతని ముఖం చూశాడు. కలం ఆగింది. ఒక గుంత ఉత్తగా ఉంచకపోతే కాపాడింది ఆకేనని ఎలా తేలుతుందని నెమ్మదిగా చెప్పాడు. భూమయ్య ఇంటి ముందు ఆ రోజే అందరికీ విడమరిచానన్నాడు. హన్మయ్య ఒప్పుకున్నాడనే తనకు చెప్పారన్నాడు.

హన్మయ్య భూమయ్య వైపు తిరిగాడు. భూమయ్య కండువా సర్దుకున్నాడు.

"నీ ఇంట్ల ఆకు పరిచే ఆడిది లేకపాయె. ఎట్లన్న ఉత్తగుండే గుంతే గదా అనుకున్నం. మైలల ఉన్న మనిషిని ఏమడుగుతం? తలా ఓ గంప విత్తనమిస్తం తమ్మీ, నీకు తక్కువ చేస్తమా?"

హన్మయ్య కమలవ్వను చూశాడు. ఆమె దగ్గరికి రాలేదు. గోడతో చెప్పినట్టే చెప్పింది.

"ఆకు కోసుకొచ్చిన బావా. గుంత కాడ కూసున్న. పరిస్తే అక్క జాగల నేనొచ్చినట్టే గదా. నాకు మొగుడున్నడు. ఊరేమంటది? కోసిన ఆకు పెంటకుప్పల పారేసిన. ఉత్త గుంత గుడ ఒకటి గావాలె అన్నరు సారు. మంచిదే అయిందనుకున్న."

మూడు నెలలు. ఊరంతటికీ తెలుసు. రోజూ ఆ పెరటి ముందు నుంచే పోయారు, వచ్చారు, బాగున్నవా అని అడిగారు. హన్మయ్య ఒక్కొక్క ముఖమే చూశాడు. ఎవరి ముఖంలోనూ తప్పు చేసిన జాడ లేదు. అతన్ని కొయ్యబారేలా చేసింది అదే.

సాలోమోను వెంట వచ్చిన ప్రయోగశాల మనిషి గాజు సీసా తీసి, గుంతలో ముద్ద కొంచెం ఎత్తి బిరడా బిగించాడు. హైదరాబాదులో బూజు చూడాలట. సాలోమోను వద్దని చెయ్యి ఊపాడు గానీ అప్పటికే అయిపోయింది. చీటీ మీద ఏం రాయాలని ఆ మనిషి అడిగాడు.

సాయంత్రం నాలుగు గంపల విత్తనం వచ్చింది. మంచి దుంపలే. హన్మయ్య వాటిని లోపలికి తేలేదు. రెండు రోజులు ఎండకు వాడిన తర్వాత కమలవ్వ వచ్చి ఎవరివి వారికి తిప్పి పంపింది. ఆ వానలకు అతను పసుపు మాని మక్కజొన్న వేశాడు. భూమయ్య పలకరిస్తే పక్కకు చూసేవాడు. కమలవ్వ తెచ్చిన కూర గిన్నె అరుగు మీదే ఉండిపోయేది. కొన్నాళ్ళకు ఆమె తేవడం మానుకుంది.

కార్తీకంలో సాలోమోను ఒక్కడే, బస్సు దిగి నడిచి వచ్చాడు. అరుగు మీద కూర్చోమని హన్మయ్య అనలేదు. సాలోమోను నిలబడే చెప్పాడు. సిరికొండ దాకా పన్నెండు ఊళ్ళు ఈసారి ఆకు వేస్తున్నాయి. మందు కొనలేని ఇళ్ళు వందల్లో ఉన్నాయి, వాటి విత్తనం నిలుస్తుంది. నివేదిక మొదటి పేజీలో ముత్తవ్వ పేరుంది. అది ఉండాలని పైవాళ్ళతో పోట్లాడాడు. ఆర్మూరులో రైతుల సభ ఉంది. ఆమె ఏం చేసేదో హన్మయ్య లేచి నాలుగు మాటలు చెబితే జనం నమ్ముతారు.

హన్మయ్య అంతా విన్నాడు.

"గా పన్నెండు ఊళ్ళల్ల గుడ ఓ గుంత ఉత్తగ పెడ్తరా?"

"పెట్టాలండీ. ఈసారి ఆ ఇంటివాళ్ళని నేనే అడిగి పెడతాను."

"ఆమె చెప్పింది రాసుకున్నవు. గుంతల ఏముండెనో చూసినవు. నీకు గావాల్సింది నీ కాడుంది. సభకు నేను రాను. గీ ముచ్చట నీతోనే గాదు, ఎవ్వలతోని మాట్లాడ. పో సారూ, బస్సు పోతది."

సాలోమోను దండం పెట్టి వెళ్ళిపోయాడు. హన్మయ్య ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికాడు. ఆ సంగతి అతని నోట రాలేదు.