మడిచేసిన బొమ్మ

భార్య పోయిన దగ్గర్నుంచీ ఆ పుస్తకాల బైండరుకి ఏదీ ఏమీ అనిపించడం మానేసింది. ఏడుపు సరే, కోపమైనా రావాలి కదా! అదీ లేదు. పెట్టింది తినేవాడు, చెప్పింది చేసేవాడు, షాపులో కుట్టాల్సిన పుస్తకాలు కుట్టి ఇంటికొచ్చేవాడు. మనిషన్నాక కాస్త కదలాలండీ. ఉలుకూ పలుకూ లేకుండా తిరిగే ఆయన్ని చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోయేది.

ఇంకా ఘోరం ఏమిటంటే, నాలుగేళ్ళ కూతురు కూడా అలాగే తయారైంది. ఇల్లు పీకి పందిరేస్తుందని అందరూ దాన్ని పిడుగు అని పిలిచేవారు. ఇప్పుడా పిడుగు నోట అమ్మ అన్న మాటే రావడం లేదు.

సాయంత్రం కాగానే తండ్రీకూతుళ్ళు వంటింటి బల్ల దగ్గర బొమ్మల పుస్తకాలు చేసేవారు. వాళ్ళిద్దరూ కలిసి చేసే పని అదొక్కటే. షాపులో మిగిలిన పెద్ద కాగితాలు ఆయన తెచ్చేవాడు. మూడు మడతలు పెట్టి, మధ్యలో సూదితో కుట్టి, అంచులు కోసి, అరచేతిలో పట్టే పుస్తకం చేసిచ్చేవాడు. పిడుగు పేజీకో బొమ్మ వేసేది. పిల్లి, కుర్చీ, కుక్కర్, నాన్న, మళ్ళీ పిల్లి. ఎన్ని పుస్తకాలు చేసినా వాటిలో అమ్మ మాత్రం ఉండేది కాదు.

"నాయనా, దాని దగ్గర అమ్మ ఊసెత్తండి," అనేది అత్తగారు. కూతుర్ని పోగొట్టుకుని కూడా ఈ ఇంటిని లాక్కొస్తున్నది ఆవిడే. "పసిపిల్ల. ఇలాగే వదిలేస్తే తల్లి మొహం కూడా మర్చిపోతుంది."

"అలాగే అత్తయ్యా," అనేవాడు. అనడం వరకే. తీరా నోరు తెరిస్తే మాట పెగిలేది కాదు. భయం మాత్రం ఉండేది. పిల్ల నిజంగానే మర్చిపోతే? ఆయనలో ఇంకా బతికున్నది ఆ భయం ఒక్కటే.

ఒక ఆదివారం ఆయన స్నానం చేసి వచ్చేసరికి పిడుగు పెద్ద కాగితాన్ని మడవకుండానే నేలమీద పరిచేసింది. దానిమీద బోర్లా పడుకుని, క్రేయాన్లన్నీ అరగదీసి, కాగితం నిండా ఒకే బొమ్మ వేసింది.

"నాన్నా, అయిపోయింది! ఉండు, అమ్మమ్మని పిలుచుకొస్తా," అని పెరట్లోకి పరిగెత్తింది.

ఆయన కాగితం చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళు చూశాయి గానీ మనసు చూడలేదు. ఏళ్ళ తరబడి ఆ చేతుల్లో పడ్డ కాగితం మడత పడకుండా బయటపడింది లేదు మరి. సగానికి మడిచాడు, మళ్ళీ మడిచాడు, మళ్ళీ. కుట్టాడు. అంచులు కోశాడు. ఎంత పని చేశాడో ఆయనకే తెలీదు.

బట్టలారేయడం అయ్యేదాకా ఆగి అమ్మమ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చిన పిడుగు, బల్లమీద పుస్తకం చూసి ఆగిపోయింది. తీసి పేజీలు తిప్పింది. ఒకచోట జడ కొస. ఒకచోట సగం చెవి. ఇంకోచోట ఎర్ర గోళ్ళు, తలకిందులుగా.

"అమ్మని కోసేశావు!"

అంతే, ఇన్నాళ్ళూ రాని ఏడుపంతా కట్టలు తెంచుకుని వచ్చింది. నేలమీద పడి కాళ్ళు కొట్టుకుంది. అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

"ఇంకో కాగితం ఇస్తానమ్మా. మళ్ళీ వేద్దువుగాని," అన్నాడు బైండరు.

"నేను వెయ్యను! నువ్వే కోశావు, నువ్వే వెయ్యి!"

జన్మలో బొమ్మ వేసి ఎరగడు. అయినా కూర్చున్నాడు. గుండ్రంగా మొహం గీశాడు. జుట్టు, ముక్కు, పెదాలు, కళ్ళు. పిల్ల ఎక్కిళ్ళు పెడుతూనే ఆయన భుజం మీంచి తొంగి చూసింది.

"కళ్ళెందుకు మూసేశావ్? అమ్మ నిద్రపోతోందా?"

అప్పుడు చూసుకున్నాడు. ఆస్పత్రి మంచం మీద ఆఖరిసారి చూసిన మొహం అది. కళ్ళు తెరిచి ఉన్న మొహం కోసం లోపలంతా వెతుక్కున్నాడు. అంత కాపురం చేసి, ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. పిల్ల మర్చిపోతుందని హడలిపోయాడు గానీ, మర్చిపోయింది తనే.

"నాకు గుర్తు రావట్లేదే తల్లీ," అన్నాడు. "అమ్మ కళ్ళు ఎలా ఉండేవి?"

పిడుగు ముక్కు తుడుచుకుని ఆయన చేతిలోని క్రేయాన్ లాక్కుంది.

"ఏం నాన్నవో! నన్ను తిట్టేటప్పుడు ఇంతింత ఉండేవి కదా," అంటూ ఒక పెద్ద సున్నా చుట్టింది. పక్కన రెండోది మొదలుపెట్టేసరికి కాగితం మీద టపటపా చుక్కలు పడ్డాయి.

"అబ్బా, జరుగు నాన్నా," అంది విసుక్కుంటూ. "అమ్మ తడిసిపోతోంది."