హెచ్చరికలు వద్దు

ప్లోవ్‌దివ్‌ నగరంలో రెండు రోజుల శిక్షణ ముగించుకుని డాక్టర్ రుమ్యానా కొండల్లోని తన ఊరికి తిరిగొచ్చినప్పుడు, ఆమె కోటు జేబులో, అక్కడ డాక్టర్లందరికీ పంచిన, అరచేతిలో ఇమిడే కంప్యూటర్ ఒకటుంది. చిన్న పుల్లతో తెరను తాకితే చాలు, మందుల పేర్లు, మోతాదులు, ఏ మందుకు ఏ మందు పడదో అన్నీ చెప్పేది. నాలుగు ఊళ్లకు ఆమె ఒక్కతే డాక్టరు. అనుమానం వస్తే అడగడానికి పక్కన మరో మనిషి లేని చోట, ఆ పెట్టె ఆమెకు కొండంత అండయింది.

జనానికీ అది తెగ నచ్చింది. "మా ఆయన తాగుడు ఎప్పుడు మానతాడో కాస్త దాన్నడిగి చెప్పు డాక్టరమ్మా" అని ఆడవాళ్లు నవ్వేవారు.

చిక్కల్లా ఒక్కటే. అది ప్రతిదానికీ కీచుమనేది. దగ్గు మందు రాసినా, తలనొప్పి బిళ్ల రాసినా ఎర్రటి అక్షరాలతో ఏదో ఒక హెచ్చరిక. ఫిబ్రవరిలో ఫ్లూ జ్వరాలతో వరండా కిక్కిరిసిన ఒక ఉదయం రుమ్యానాకు విసుగెత్తింది. ఎక్కడో లోపల వెతికి 'హెచ్చరికలు వద్దు' అన్న గడిలో టిక్కు పెట్టేసింది.

కట్లు మడతపెడుతున్న నర్సు జివ్కా తలెత్తి చూసింది. "అలా నోరు మూయించేస్తే ఎలాగమ్మా?"

"నూటికి తొంభై అక్కర్లేనివే. నాకు తెలీదా?"

"మీకు తెలీదని నేనన్నానా" అంటూ జివ్కా మళ్లీ పనిలో పడింది.

మార్చిలో స్పాస్‌కు జ్వరమని అతని భార్య దోన్కా కబురు పెట్టింది. డెబ్బై ఒక్కేళ్ల స్పాస్ పండ్ల చెట్లకు అంట్లు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. చుట్టుపక్కల ప్లం తోటల్లో సగం చెట్లు అతని చేతి మీదుగా పెరిగినవే. గుండె లయ తప్పుతోందని రెండేళ్లుగా రక్తం పల్చబరిచే బిళ్లలు వాడుతున్నాడు. అవి రాసింది రుమ్యానాయే.

చూస్తే మూత్రంలో ఇన్ఫెక్షను. ఆమె మంచం అంచున కూర్చుని, పెట్టెలో మందు వెతికి, వయసుకూ బరువుకూ సరిపడా మోతాదు లెక్క చూసుకుని రాసిచ్చింది. పెట్టె కిక్కురుమనలేదు.

"పాపం, ఆ పెట్టె కూడా ఇంత చలిలో తిరుగుతోంది. దానికీ ఒక గ్లాసు రకియా సారా పోయవే" అన్నాడు స్పాస్.

ఆరో రోజు పొద్దున అతని చేతిలోంచి చెంచా జారిపోయింది. మాట ముద్దయింది. అంబులెన్సులో జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్లారు. మధ్యాహ్నం అక్కడి డాక్టర్ తోషెవ్ ఫోను చేశాడు. రుమ్యానాతో కలిసి చదువుకున్నవాడు.

"రక్తం మరీ పల్చబడి మెదడులో కొంచెం కారింది. ప్రాణానికి భయం లేదు. కుడి చెయ్యి సంగతే చెప్పలేను. అయినా ఆ రెండు మందులూ కలిపి ఎలా ఇచ్చావు రుమ్యానా? ఆ కంప్యూటర్ ఏం చెప్పలేదా?"

"ఏమీ చెప్పలేదు."

ఆ మాటలో అక్షరం కూడా అబద్ధం లేదు. అయినా అది అబద్ధమేనని నోట్లోంచి వస్తుండగానే ఆమెకు తెలుసు.

"ఈ యంత్రాల్ని నమ్ముకుంటే ఇంతే. ప్లోవ్‌దివ్‌కు రాస్తానుండు. అందరి దగ్గర్నుంచీ వెనక్కి తీసుకోమంటాను" అన్నాడు తోషెవ్. ఆమె వద్దనలేదు.

ఊరు ఊరంతా పెట్టెను తిట్టిపోసింది. రొట్టెల కొట్టులో జాలిపడి ఆమెను వరసలో ముందుకు పంపారు. ఆస్పత్రి నుంచి వచ్చిన దోన్కా ఆమె చేతులు పట్టుకుని, "నువ్వేం చేస్తావమ్మా, ఆ దిక్కుమాలిన డబ్బా నిన్ను మోసం చేసింది" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. రుమ్యానాకు ఎవరైనా ఒక్కరు తనను తిడితే బాగుండుననిపించేది.

జివ్కా తిట్టలేదు. అసలు ముఖంలోకి చూడటమే మానేసింది.

మూడో వారంలో రుమ్యానా ఉండబట్టలేక, "అనాల్సింది అనేయ్ జివ్కా" అంది.

"నేనేమంటానమ్మా. కాకపోతే ఆ కొండవతల కొత్తగా చేరిన డాక్టరుంది చూడండి, ఆ పిల్లకు ఆ పెట్టె ఒక్కటే దిక్కంట. దాన్నీ లాక్కుంటున్నారంట."

రుమ్యానా అప్పటికప్పుడు తోషెవ్‌కు ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను విని, "కాగితం మీద రాసి పంపు" అని పెట్టేశాడు. అక్కణ్ణుంచి ఆమె నేరుగా స్పాస్ ఇంటికి నడిచింది.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన స్పాస్ కిటికీ దగ్గర కూర్చుని కుడి చేత్తో ఉన్ని ఉండను నొక్కుతున్నాడు. వేళ్లు సగానికే ముడుచుకుంటున్నాయి.

"బాబాయ్, పెట్టె తప్పేం లేదు. అది చెప్పేదే. విసుగొచ్చి నేనే దాని నోరు కట్టేశాను. అసలు అది చెప్పాల్సిన పని కూడా లేదు. నీకు ఆ గుండె బిళ్లలు రాసిందే నేను. గుర్తుండాల్సింది నాకు."

దోన్కా చేతిలో గిన్నె బల్ల మీద పెట్టింది. "అంటే మేం దాన్ని తిట్టిపోస్తుంటే వింటూ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను పిన్నీ."

"మందు పొరపాటంటే సర్దుకుందును. ఎవరైనా పొరబడతారు. మూడు వారాలు నా చేత ఓదార్పించుకున్నావే! నీ చేతులు పట్టుకుని ఏడ్చానే!"

"ఊరుకోవే" అన్నాడు స్పాస్. అతనికి మాట కూడదీసుకోవలసి వస్తోంది. "చెప్పకపోయినా... మాకు తెలిసేది కాదు. మరెందుకు చెప్పావు? నీ బరువు దించుకోడానికా?"

"అదీ ఉంది బాబాయ్."

"పోనీలే అని... నేననను. ఆ మాట కోసం వచ్చుంటే... ఉత్త చేతుల్తో పో." ఉన్ని ఉండను ఒళ్లో పెట్టుకుని అన్నాడు, "గురువారం రక్తం తియ్యాలన్నారు. ఎన్నింటికొస్తావు?"

"ఇది ఈ గడప తొక్కితే నేనింట్లో ఉండను" అంది దోన్కా.

వైద్యుల సంఘం రుమ్యానాకు రాతపూర్వకంగా మందలింపు పంపింది. పెట్టెలు ఎవరి దగ్గరివి వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. దోన్కా తన పేరు కొండవతలి డాక్టరుకు మార్పించుకుని, దగ్గు వచ్చినా బస్సెక్కి పోయేది. గురువారాలు రుమ్యానా కారు చప్పుడు వినగానే దోన్కా పెరటి దారిన పొరుగింటికి వెళ్లిపోయేది. వేసవి గడిచేసరికి స్పాస్ వేళ్లు చెంచా పట్టాయి గానీ అంటు కత్తి పట్టలేదు.

అక్టోబరులో ఒక గురువారం దోన్కా పొరుగింటికి వెళ్లలేదు. పొయ్యి దగ్గరే, వీపు తిప్పి నిలబడింది. రుమ్యానా రక్తం తీసి, సంచి సర్దుకుని, "వెళ్లొస్తాను" అంది. ఎప్పటిలాగే స్పాస్ ఒక్కడే "మంచిది" అన్నాడు.