పిట్టను ఇచ్చినవాళ్ళకు జవాబు

మా చెల్లెలు మెరియానాకు కోపమొస్తే అరవదు, గొంతు తగ్గిస్తుంది. ఆ ఉదయం ఫోన్లో చాలా మెల్లగా మాట్లాడింది.

"అన్నా, కివీ పిట్ట ఒకటి చచ్చిపోయింది. కుక్క పట్టింది. నీ పాంగో నిన్న అడివిలోనే ఉందిగా?"

మా అడవిలో ఈ ఎగరలేని కివీలు తాతల కాలంలోనే అయిపోయాయి. దక్షిణాన ఉన్న చుట్టాల తెగవాళ్ళు పోయిన చలికాలంలో కొన్ని ఇచ్చారు. పెట్టెలో పెట్టి పంపి ఊరుకోలేదు. పిల్లనిచ్చినట్టు వాళ్ళ పెద్దలు వెంట వచ్చి, ఏడ్చి, మా పెద్దల చేతుల్లో పెట్టి వెళ్ళారు. అలా ఇచ్చిన పిట్ట చస్తే, శవాన్ని మేమే మోసుకెళ్ళి వాళ్ళ ముందు నిలబడాలి. ఎలా పోయింది, మీరేం చేశారు అని అడుగుతారు. జవాబు ఉండాలి.

ఆ పిట్టల కోసమే ఏళ్ళ తరబడి నేను స్టోట్లను చంపుతున్నాను. స్టోట్ అంటే ముంగిసకు తమ్ముడిలాంటిది, గూట్లో దూరి కివీ పిల్లల్ని తినేస్తుంది. తెల్లవాళ్ళు ఎప్పుడో కుందేళ్ళ మీదికని ఓడలో తెచ్చి వదిలారు. పాపం దాని తప్పేముంది, దింపినచోట బతికింది. అందుకే ఒక్కదెబ్బకు ప్రాణం పోయే పెట్టెలే పెడతాను. కాలు పట్టి రాత్రంతా ఏడిపించే బోనులు నా గుమ్మం తొక్కనివ్వను.

పాంగో నా పందుల వేటకుక్క. నల్లటిది, ఒక చెవి చిరిగింది. కివీ ఛాతీలో గట్టి ఎముక లేదు, కుక్క సరదాకు నోట పట్టినా నలిగిపోతుంది. అందుకని వేటకుక్కలన్నిటికీ పాఠం చెప్పించాం. మెడకు కరెంటు పట్టీ కట్టి, చచ్చిన కివీ దగ్గరికి వదిలి, వాసన చూడగానే షాకిస్తారు. పాంగో ఒక్కసారికే నేర్చుకుంది. ఆ వాసన తగిలితే చాలు, తోక ముడిచి దారి మార్చేది. ఒడిలో కూర్చునే కుక్కలకు పాఠమేంటని వాటిని మాత్రం ఎవరూ తీసుకెళ్ళలేదు.

మా నాన్నకు అక్క, హురియా అత్త. పిట్టల్ని చేతుల్లోకి అందుకున్న పెద్దావిడ ఆవిడే. ఆవిడ వరండాలోనే అందరం కూర్చున్నాం.

"పాంగోని కట్టేసి ఉంచుతా," అన్నాను. "పిట్ట మీద కుక్క ఎంగిలి ఉంటుంది. పట్నం పరీక్షకు పంపితే ఏ కుక్కో తేలిపోతుంది. అప్పటిదాకా ఆగండి."

"ఎన్నాళ్ళు ఆగమంటావ్?" అంది మెరియానా. "ఎల్లుండి వాళ్ళ ముందు నిలబడాలి. కట్టేశాం, చూస్తున్నాం అని చెప్పమంటావా? నీ కుక్క కాకపోతే అందరికంటే ముందు నువ్వే తుపాకీ తీసేవాడివి."

అత్త ఒళ్ళో ఉన్న తెల్ల బొచ్చుకుక్క తీతీని నిమురుతూ అంది. "నాయనా పావొరా, ఇంటి పరువు. పరాయివాళ్ళ బిడ్డ మన చేతుల్లో పోయింది. వట్టి చేతుల్తో ఎట్లా పోతాం చెప్పు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా పెద్దావిడ మాట. పైగా పాంగోని ఇంకొకరి చేతికి ఇవ్వడం నా వల్ల కాలేదు. తుపాకీ తీసుకుని వాగు దగ్గరికి పోయి పిలిచాను, వచ్చింది. అంతకుమించి అడక్కండి.

దక్షిణాన వాళ్ళు పిట్టను చూసి ఏడ్చారు. కుక్కను తీసేశామని మెరియానా చెబితే తల ఊపారు.

తర్వాతి నెలలో ఇంకో పిట్ట కాలికి కట్టిన రేడియో కూత మారింది. కదలిక ఆగిపోతే అది అలా కూస్తుంది. నేనూ మెరియానా వెతుక్కుంటూ వెళ్తే అత్త ఇంటి వెనకాల, ఫెర్న్ మొక్కల కింద దొరికింది. చచ్చేముందు గట్టిగా తన్నినట్టుంది, గోళ్ళలో తెల్లటి ఉంగరాల వెంట్రుకలు ఇరుక్కున్నాయి. ఒంటి మీద పళ్ళ గాట్లు బుల్లి బుల్లివి. మొదటి పిట్ట మీదా అలాంటివే. అప్పుడు ఎవరం సరిగ్గా చూడలేదు.

మెరియానా ఆ వెంట్రుకలు లాగి చేతిలోకి తీసుకుంది. "అన్నా..." అంది.

"నోర్ముయ్," అన్నాను.

అత్త తలుపు తీసింది. తీతీ తోకాడిస్తూ వచ్చి నా బూట్ల మీదికెక్కింది. దాని మూతి మీద గోరు గీరిన గాయం ఇంకా ఎండలేదు. అత్త మెరియానా చేతిలోని వెంట్రుకలు చూసింది, ఆ గాయం చూసింది. గబుక్కున కుక్కను ఎత్తుకుని గుండెకు అదుముకుంది.

"సాయంత్రం ఒంటికని వదుల్తా, అంతే నాయనా. వాకిలి దాటదనుకున్నా."

తుపాకీ బండిలోనే ఉంది. నిజం చెప్పొద్దూ, కుక్కను ఇటివ్వు అందామనే ఉంది నాకు. నా కడుపు మండినట్టు ఇంకొకరి కడుపూ మండాలని ఉంది.

"చిన్న కుక్క కదన్నా," అంది మెరియానా. ఈసారి గొంతు తగ్గలేదు. "కంచె వేసి లోపలుంచితే సరిపోతుంది. చంపడం దేనికి?"

అది న్యాయమే. కుక్క కుక్కలాగే చేసింది, వదిలింది మనుషులు. కానీ ఈ న్యాయం నెల కిందట ఈ వరండాలో ఒక్కరికీ తోచలేదు. గట్టిగా అరుద్దామనుకున్నాను. అరిస్తే తీతీ చావాలని అరవాలి.

కంచె నేనే వేశాను. మా ఊళ్ళో ఆ పని చేతనైనవాణ్ణి నేనే మరి. గుంజలు పాతుతుంటే తీతీ గుంటల్లో దూరి మన్ను ఎగజిమ్మింది. కాలితో పక్కకు నెట్టాను, మెల్లగానే. అత్త టీ తెచ్చింది.

"ఈసారి వాళ్ళ దగ్గరికి ఎవరు పోతారు?" అంది.

"నేనే పోతా."

"ఏం చెప్తావ్ నాయనా?"

"మన చేతుల్లో మూడు ప్రాణాలు పోయాయని చెప్తా."

అత్త టీ కప్పు నా చేతికిచ్చింది. మూడోది ఎవరిదని అడగలేదు.