ఎడమ అంచు పైన

నేను ఒక నూలు అంగీని. మా దేశంలో నన్ను యుకాతా అంటారు. జపానులో ఎండాకాలపు పండుగలకు ఆడా మగా చుట్టుకునే, చీలమండల దాకా దిగే, గుండీలు లేని బట్ట. నీలిమందు రంగు మీద తెల్ల తూనీగలు నా అలంకారం. ఇప్పుడు అనకాపల్లిలో ఒక బీరువాలో, రెండు వెంకటగిరి చీరల మధ్య ఉంటున్నాను. ఈ భాష నాకు వాటి దగ్గరే పట్టుబడింది.

నన్ను కుట్టినావిడ పన్నెండు మీటర్ల తానులో జానెడు గుడ్డ కూడా వృథా చెయ్యలేదు. అన్నీ నిలువు ముక్కలే, అన్నీ చేతికుట్లే. ఆవిడకు ఇద్దరు కూతుళ్లు, ఫుమీ, సాచి. నేను చిన్నదాని కోసం. ఆగస్టులో అక్కడ బోన్ పండుగ వస్తుంది. పోయినవాళ్లు మూడు రోజులు ఇంటికి వచ్చి వెళతారని నమ్మకం. మైదానంలో చెక్క మంచె కట్టి, దానిమీద డోలు పెట్టి, ఊరంతా చుట్టూ తిరుగుతూ ఆడుతుంది. పోయినవాళ్లూ ఆ వలయంలో కలిసి ఆడతారట. అక్కచెల్లెళ్లిద్దరూ పక్కపక్కనే ఆడేవారు. సాచికి తొందర. డోలు కంటే ముందే అడుగేసేది.

అలా మూడు ఆగస్టులు గడిచాయి. నాలుగోది రాకముందే, చలికాలంలో, సాచి జ్వరంతో పోయింది. పంతొమ్మిదేళ్లు. ఇష్టమైన బట్ట కదా అని వాళ్లమ్మ నన్ను తెచ్చి తొడిగింది. బతికున్నవాళ్లు మమ్మల్ని ఎడమ అంచు పైకి వచ్చేలా చుట్టుకుంటారు. చనిపోయినవాళ్లకు మాత్రం కుడి అంచు పైకి రావాలి. నన్ను అలా చుట్టడం అదే మొదటిసారి. ఫుమీ చూడలేకపోయింది, ఏడ్చి నన్ను విప్పించింది. సాచి తెల్లబట్టలో వెళ్లింది, నేను సొరుగులోకి వెళ్లాను.

ఆనాటి నుంచి ఫుమీ ఆ వలయంలో అడుగు పెట్టలేదు. ఏటా మైదానానికి వెళ్లి, గుడారంలో అందరికీ పుచ్చకాయలు కోసిపెట్టి, డోలు మొదలయ్యేసరికి ఏదో పనుందని ఇంటికి వచ్చేసేది. మనుషులు దుఃఖాన్ని దాచుకోవడానికి పని కంటే మంచి చోటు కనిపెట్టలేదు.

నలభై ఏడేళ్ల తర్వాత సొరుగు తెరుచుకుంది. అనకాపల్లి నుంచి కాలేజీ తరపున ఒక ఏడాది చదువుకు వచ్చి ఫుమీ ఇంట్లో ఉంటున్న సుమేధ కోసం. పొడుగు మనిషి, ప్రశ్నలు ఎక్కువ. ఫుమీని ఒబాచాన్ అని పిలిచేది, అంటే మామ్మ. పోయినవాళ్లు నెమ్మదిగా తిరిగి వెళ్లాలని ఫుమీ వంకాయకు నాలుగు పుల్లలు గుచ్చి ఆవును చేసిపెడితే, లేత కాయను కూరకు పనికిరాకుండా చేశారేమిటని బాధపడిన పిల్ల. ఆ మాటకు ఫుమీ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. సెప్టెంబరులో తన ప్రయాణమనీ, మళ్లీ ఎప్పుడొస్తానో తెలియదనీ, ఈసారి తనతో కలిసి ఆడాల్సిందేననీ సుమేధ ఆవిడ దగ్గర మాట తీసుకుంది. ఫుమీ సరేనని, నన్ను తీసి ఆమె చేతుల్లో పెట్టింది. ఎవరిదో చెప్పలేదు.

పండుగ సాయంత్రం సుమేధ గది తలుపు వేసుకుంది. చీర కట్టడం వచ్చినదానికి ఇదెంత అనుకుంది. చీర కట్టే చేతికి ఒకటే దారి తెలుసు, కుడి పక్క నుంచి ఎద మీదుగా ఎడమ భుజానికి. ఆ చెయ్యి అలవాటుగా నా కుడి అంచును పట్టుకుని, ఎడమకు లాగి, పైన పరిచింది. నాకు ఆపాలని ఉంది. కానీ నాకున్నవి రెండు చేతులే, అవీ ఎవరైనా తొడుక్కుంటే తప్ప కదలవు.

మెట్లు దిగి వచ్చి, గుండ్రంగా తిరిగి చూపించింది. ఫుమీ చేతిలోని నడికట్టు జారిపోయింది. దాన్ని ఏరుకుని, చాప మీద కూర్చుని మడత పెట్టసాగింది. తాను రాననీ, పక్కింటివాళ్లతో వెళ్లమనీ మాత్రం అంది.

మైదానం వైపు నుంచి డోలు వినిపిస్తోంది. బాగోలేదా, ఏమైనా పాడుచేశానా అని సుమేధ రెండుసార్లు అడిగింది. విప్పేసి చుడీదారు వేసుకుంటానని మెట్ల వైపు నడిచింది.

"ఆగు," అంది ఫుమీ. "అది నా చెల్లెలిది. నువ్వు కట్టినట్టే దానికీ ఒకసారి కట్టారు. పోయాక."

సుమేధ నా అంచుల వైపు చూసుకుంది.

"నాకు తెలీదు ఒబాచాన్. మా ఊళ్లో కొంగు ఇటే వస్తుంది." కుడి నుంచి ఎడమకు చేత్తో గీసి చూపించింది. "బతికున్నవాళ్లకి."

ఫుమీ ఆ చేతి వంకే చూస్తూ, మళ్లీ చూపించమంది. సుమేధ మళ్లీ చూపించింది. అప్పుడు ఫుమీ మోకాళ్ల మీద జరిగి వచ్చి నన్ను విప్పింది. కుడి అంచును లోపలికి సర్ది, ఎడమ అంచును పైకి తెచ్చింది. నలభై ఏడేళ్ల కిందట నన్ను విప్పించగలిగింది కానీ, ఇలా తిరిగి చుట్టే అవకాశం ఆ వేళ్లకు దొరకలేదు. చెల్లెలు నీ భుజం దాకా వచ్చేదని చెబుతూ నడికట్టు బిగించింది.

"ఊపిరి ఆడట్లేదు," అంది సుమేధ.

"ఆడుతుందిలే. బతికున్నావుగా."

ఇద్దరూ వలయంలోకి వెళ్లారు. ఫుమీ అడుగులన్నీ మర్చిపోయింది. ముందున్న చేపల కొట్టు ఆవిడను చూసి ఫుమీ వేస్తుంటే, ఫుమీని చూసి సుమేధ, సుమేధను చూసి మళ్లీ ఫుమీ. వెనకవాళ్లు గుద్దుకుని నవ్వారు. నా తూనీగలు చెమటతో తడిసిపోయాయి. ఆ తడి కోసం నేను ఎంతకాలంగా ఎదురుచూశానో అప్పుడు తెలిసింది.

సెప్టెంబరులో ఫుమీ నన్ను సుమేధ పెట్టెలో పెట్టింది. అనకాపల్లిలో పెట్టె తీస్తూనే వాళ్లమ్మ నన్ను పైకెత్తి చూసింది.

"ఏటే ఇది, నైటీయా? ఇంత బారు చేతులేటే?"

ఈ ఇంట్లో నన్ను బాగానే చూస్తారు. ఎండ తగిలిస్తారు, కలరా ఉండలు వేస్తారు. అయినా ఆగస్టు వస్తే నిలకడ ఉండదు. రేకుల మీద వాన పడితే డోలు అనుకుంటాను. మూడు రోజులు ఉందామని వచ్చిన సాచి ఖాళీ సొరుగు చూసి ఏమనుకుంటుందో అనుకుంటాను.

పోయిన నెల ఫుమీ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. సుమేధ బీరువా దగ్గరే నిలబడి, వాళ్లమ్మకు తెలుగులో చెబుతూ చదివింది. ఫుమీ ఈ ఏడు కూడా ఆడిందట. పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలి ఆడిందట. అది చెల్లెలి కోసమని ఊళ్లోవాళ్లంతా ఒదిగి ఒదిగి తప్పుకున్నారట.

"వాళ్లకు నేనేమీ చెప్పలేదు," అని రాసింది ఆవిడ. "సాచి ఎలాగూ వస్తుంది, దానికి జాగా అక్కర్లేదు. ఆ జాగా నీది."

సుమేధ ఉత్తరాన్ని నా మడతల్లో పెట్టి, తలుపు వెయ్యకుండా చాలాసేపు అక్కడే నిలబడింది.